హెడ్మాస్టరుగారు, పరమాణువు పాఠం

మొన్న ఆదివారం మెట్టుగూడలో మా పాత హెడ్మాస్టరుగారి జ్ఞాపకార్థ కూడికకు వెళ్లి, ఆయన్ని దేవుడిచ్చిన గురువని ఒకరి తర్వాత ఒకరు పొగుడుతుంటే విని, నా వంతు వచ్చేసరికి ఒంట్లో బాగోలేదని చెప్పి లేచి వచ్చేశాను. ఒంట్లో బాగానే ఉంది, కడుపే మండింది. చనిపోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు గానీ, నా ఈడు పంతులమ్మలకు ఇలాంటి పెద్దమనిషి ఒక్కరైనా తగిలే ఉంటారు గనక చెబుతున్నాను.

గుంటూరు నుంచి వచ్చి లాలాగూడ బళ్లో సైన్సు టీచరుగా చేరిన కొత్త. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, ఆ కాగితం మీద ఆయన సంతకం పడాలి. ఎనిమిదో తరగతికి పరమాణు నిర్మాణం చెప్పాలంటే ఆయన పద్ధతి ఒకటే, బోర్డు మీద మూడు సున్నాలు చుట్టి, నోట్సు చెప్పి, బట్టీ పట్టించడం. నాకది చేతకాలేదు. పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లి, మైదానం మధ్య ఒక మిరియపు గింజ పెట్టి, ఇది కేంద్రకమైతే ఎలక్ట్రాన్లు మన గోడ అవతల రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర ఉంటాయి, మధ్యలో అంతా ఖాళీయే అని చెప్పాను. ఆ వర్క్‌షాపు ఫిట్టరు కూతురు ఒకతె, గేటువైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

పరీక్షలో ఆ పిల్ల అదే రాసింది. పేపర్లు దిద్దిన హెడ్మాస్టరుగారు సున్నా వేసి, స్టాఫ్ రూముకి పిలిపించి, జవాబు మా అందరికీ చదివి వినిపించి ఎగతాళి చేశారు. ఆ పిల్ల బెదరకుండా, "మా టీచరే చెప్పిండ్రు సార్" అని నావైపు చూసింది. ఆయనా చూశారు. నాకు సంతకం పడాల్సిన కాగితం గుర్తొచ్చి, నేనలా చెప్పలేదన్నాను. అబద్ధమాడిందని రెండు చేతుల మీదా బెత్తం విరిగేట్టు కొట్టారు, నేనక్కడే కూర్చుని హాజరుపట్టీ తిరగేశాను.

నా ఉద్యోగం పర్మినెంటయింది. ఆ పిల్ల తర్వాత ప్రతి పరీక్షలోనూ నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాసింది, నన్ను మాత్రం మళ్లీ ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆయన మీద కసి ఇన్నేళ్లయినా తగ్గలేదు, అందులో సగం నామీదేనని తెలిసినా తగ్గలేదు.

ఇప్పటి పిల్లలు టీచరు మాట నమ్మరని, ప్రతిదీ ఫోనులో వెతికి చూసుకుంటారని, తనూ టీచరే అయిన మా కోడలు విసుక్కుంటుంది. మా రోజుల్లో ఎంత గౌరవం ఉండేదోనని నాతోటివాళ్లు నిట్టూరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గౌరవం వల్లే ఒక పిల్ల నిజం చెబితే ఎవరూ నమ్మలేదు. అప్పుడు తన చేతిలో ఒక ఫోనుంటే, ఆ పిల్లకు నా సాక్ష్యం అక్కర్లేకపోయేది.