నీలం టేబుల్ గుడ్డ మారిపోయింది

తాళాల కంపెనీలో ఆమెను అందరూ భూతద్దం అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా మాత్రం "అక్కా", "మేడమ్" అంటూ ఒదిగి ఉండేవాళ్ళు. తనకా పేరుందని ఆమెకు తెలుసు. పెట్టింది అకౌంట్స్‌లో కూర్చునే బట్టతలాయన అని కూడా తెలుసు. తెలిసినా అడగలేదు. అడిగితే ఆయన జాగ్రత్తపడి ఇంకో పేరు పెడతాడు, దాన్ని కనిపెట్టడానికి మళ్ళీ మొదట్నుంచీ శ్రమ.

ఆమె ఆ కంపెనీలో చేరింది ప్యాకింగ్ పనికి. తాళాలకు అంటిన నూనె తుడిచి డబ్బాల్లో సర్దేది. ఒకసారి పెద్ద ఎగ్జిబిషన్‌కి సాయంగా తీసుకెళ్ళారు. తీరా అక్కడికెళ్ళి చూస్తే ఎనిమిదడుగుల బల్లకి ఆరడుగుల గుడ్డ కుట్టించి తెచ్చారు. బల్ల మీద తళతళలాడే తాళాలు, కింద అట్టపెట్టెలు, ఎవరివో చెప్పులు, సగం తాగిన నీళ్ళ సీసా. సంసారమంతా బజారున పడ్డట్టుంది. యజమాని ముఖం కందగడ్డలా అయింది. ఆమె మారు మాట్లాడకుండా సరుకు చుట్టి తెచ్చిన నల్లగుడ్డని కత్తిరించి, పిన్నీసులు పెట్టి బల్ల చుట్టూ గౌనులా తొడిగింది. ఆ రోజు నుంచీ కంపెనీ స్టాల్ బల్లలన్నీ ఆమె చేతికొచ్చాయి.

చేతికొచ్చిన పనిని ఆమె అనుమానంతోనే మొదలుపెట్టింది. బల్ల పొడవు ఇంత అని హాలువాళ్ళు ఫోన్లో చెప్తే నమ్మేది కాదు. టేపు పట్టుకుని తనే వెళ్ళేది. పైన పరుచుకునే కొలతకి ముందువైపూ పక్కలా నేల దాకా జారే కొలత కలిపేది. వెనక వైపు మాత్రం తెరిచి ఉంచమనేది, కింద పెట్టెలు తీసుకోవడానికి వీలుగా. గుడ్డ షాపువాడు ముక్క చూపిస్తే దాని కింద ఫోన్ లైటు వేసి అటు నుంచి కనిపిస్తోందేమో చూసేది. గోటితో గీకేది. నీళ్ళు చిలకరించేది. నలిపి పిడికిట్లో పట్టుకుని, వాడితో కబుర్లు చెప్పి, వదిలాక ఎన్ని ముడతలు నిలిచాయో లెక్కపెట్టేది. రంగు షాపు లైట్లలో ఒకలా, హాలు లైట్లలో ఒకలా ఉంటుందని, ముక్కని పట్టుకుని వీధిలోకి, అక్కణ్ణుంచి హాలుకి నడిచేది.

"మేడమ్, పెళ్ళికొడుకుని చూసేటప్పుడు కూడా ఇంత చూడరండీ" అన్నాడు ఓసారి షాపువాడు.

"అందుకే సగం సంసారాలు అలా ఏడుస్తున్నాయి" అంది ఆమె.

అంత చూసి ఎంచుకున్నదే ఆ నీలం గుడ్డ. ముదురు నీలం పాలిస్టర్, ముందువైపు మధ్యలో కంపెనీ తాళంచెవి బొమ్మ తెల్లగా. నిప్పు చటుక్కున అంటుకోని రకం. ప్రతి ఎగ్జిబిషన్ తర్వాత దాన్ని ఉతికించి, మడతపెట్టకుండా అట్ట గొట్టానికి చుట్టి, బీరువాలో నిలబెట్టేది. మడతపెడితే ఆ గీత సరిగ్గా తాళంచెవి నడుమ్మీద పడుతుంది.

ఉతికే పాత లాండ్రీ మూతపడింది. అప్పుడు భర్త, ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి, నెమ్మదైనవాడు, భోజనం దగ్గర అన్నాడు: "మా చెల్లి వాళ్ళ లాండ్రీ ఉందిగా. ఇంటి మనుషులు."

ఇంటి మనుషులు అనేదే ఆమెకు భయం. బయటివాళ్ళయితే నిలదీయొచ్చు. ఆడపడుచునీ, ఆమె మొగుణ్ణీ నిలదీస్తే ఆ మాట చుట్టాలందర్నీ చుట్టి మళ్ళీ తన వంటింట్లోకే వస్తుంది. అయినా వేరే దారి లేక ఇచ్చింది. ఇచ్చేటప్పుడు పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. చల్లనీళ్ళే వాడాలి. తెల్లబరిచే పొడులు వద్దు. మెత్తదనానికని చివర్లో పోసే వాసన నీళ్ళు అసలే వద్దు, వాటితో గుడ్డకి నిప్పుని తట్టుకునే గుణం పోతుంది. బొమ్మ మీద ఇస్త్రీపెట్టె ఆనకూడదు, తిరగేసి ఆవిరి పట్టాలి, అంతే.

"వదినా, పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాం" అంది ఆడపడుచు.

"అందుకే చెప్తున్నా. అలవాటైన చేతులకే మరుపెక్కువ."

ఆడపడుచు మొగుడు ఏమీ అనలేదు. గుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆయన ఆమెతో ఎప్పుడూ అంతే, రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. అందులో ఏదో మతలబు ఉందని ఆమెకు ఎప్పట్నుంచో అనుమానం.

మొదటిసారి గుడ్డ బాగానే వచ్చింది. రెండోసారి మరీ బాగా వచ్చింది. అక్కడే ఆమెకు తేడా కొట్టింది.

తాళంచెవి బొమ్మ కింద ఒక పెన్ను గీత ఉండాలి. ఎప్పుడో ఒక పాత ఎగ్జిబిషన్‌లో ఎవరో పెద్దమనిషి చిరునామా రాస్తూ గీసిపోయాడు. ఎంత తోమినా పోదని ఆమె ఎప్పుడో ఆశ వదులుకుంది. ఇప్పుడది లేదు. సరే, పోగొట్టారేమో అనుకుంది. వెనకంచు లోపల, ఎవరికీ తెలియకుండా తను వేసుకున్న ఎర్రదారం ముడి కోసం చూసింది. అదీ లేదు. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. కొత్త రంగు వాసన.

గుడ్డ మార్చారు!

పాతది కాజేసి నాసిది ఇచ్చారంటే అర్థముంది. పాతది తీసుకుని కొత్తది ఎందుకిస్తారు? ఎంత ఆలోచించినా తెగలేదు. తెగనిదల్లా ఆమెకు పెద్ద మోసంలా కనపడేది. మన గుడ్డని ఎవరికో అద్దెకిచ్చి ఉంటారు, వాళ్ళు పాడుచేసి ఉంటారు. లేదా మన గుర్తున్న గుడ్డ పరిచి ఎక్కడో ఎవరో దొంగ తాళాలు అమ్ముతున్నారు. ఈ రెండో ఊహ వచ్చాక ఆమెకు అన్నం సహించలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి, లాండ్రీకి ఎదురుగా ఉన్న చెప్పుల షాపులో నిలబడింది.

"ఏ సైజు చూపించమంటారమ్మా?" అన్నాడు షాపతను.

"చూస్తున్నాను."

"చెప్పులు ఇటున్నాయమ్మా, మీరు రోడ్డుకేసి చూస్తున్నారు."

అప్పుడే ఆడపడుచు మొగుడు లాండ్రీ గుమ్మంలోకొచ్చాడు. చంకలో నీలం గుడ్డ ఉండ. అటూ ఇటూ చూశాడు. మళ్ళీ లోపలికెళ్ళి యంత్రం వెనక కుక్కాడు. కాసేపటికి ఒక వ్యాను వచ్చి గుడ్డల చుట్టలు ఎక్కించుకు పోయింది. దాని మీద ఎగ్జిబిషన్లకు బల్లలు, కుర్చీలు అద్దెకిచ్చేవాళ్ళ పేరుంది. ఇంకేముంది, అంతా అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పాపం ఆ షాపతని దగ్గర అవసరం లేని ఒక జత చెప్పులు కొని బయటపడింది.

ఇంటికొచ్చేసరికి భర్త బాల్కనీలో ఫోన్లో మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించాడు గానీ తలుపు సందు తగ్గలేదు.

"లేదు లేదు, ఇంకా కనిపెట్టలేదు. నువ్వు కంగారుపడకు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కట్టుకున్నవాడు కూడా! అయినా నిలదీయడం తర్వాత. ముందు దొంగసొత్తు చేతికి చిక్కాలి. మర్నాడు ఆఫీసుకు బయల్దేరినట్టే బయల్దేరి నేరుగా లాండ్రీకి వెళ్ళింది.

"మా గుడ్డేదీ?"

ఆడపడుచు చొక్కాలకు చీటీలు కడుతోంది. "ఇచ్చేశాం కదా వదినా."

"అది కాదు. మాది."

ఆడపడుచు మొగుడు ఇస్త్రీ ఆపాడు. భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆయన యంత్రం వెనక చెయ్యి పెట్టి నీలం ఉండ లాగి, బల్ల మీద పరిచాడు. తాళంచెవి బొమ్మ నడిమధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో పెద్ద కన్నం. చుట్టూ గుడ్డ కరిగి, గట్టిపడి, పెంకులా లేచి ఉంది.

"నేనే చేశానమ్మా" అన్నాడాయన. "తిరగేసి ఆవిరే పట్టాను. చివర్లో బొమ్మ సాఫుగా వచ్చిందో లేదోనని ఇటు తిప్పాను. ఎవరో పిలిస్తే, పెట్టెని దాని మీదే పెట్టేసి వెళ్ళాను."

"మరి ఆ వ్యాను?"

"ఏ వ్యాను?" అంది ఆడపడుచు. "ఓ, అద్దె సామాన్ల వాళ్ళా? వాళ్ళ గుడ్డలు కూడా ఉతుకుతాం. వదినా, నువ్వు ఎక్కణ్ణుంచి చూశావు?"

ఆమె కన్నం అంచున లేచిన పెంకుని గోటితో గీకింది. ఆడపడుచే మిగతాది చెప్పింది. కాలిన రోజే ప్రింటర్ దగ్గరికి పరుగెత్తారట. పాత డిజైను అతని దగ్గరే ఉంది గానీ, కంపెనీ తరఫున ఎవరైనా ఒప్పుకుంటే తప్ప వెయ్యనన్నాడట. "అప్పుడు నీ తరఫున అన్నయ్య మాట్లాడాడు."

"ఏ అన్నయ్య?"

"నాకున్నది ఒక్కడే కదా వదినా."

"కాలిపోయిందని ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"చెప్తే ఏమనేదానివి?"

ఏమనేదో ఆమెకు బాగా తెలుసు. కావాలనే కాల్చారు అనేది.

ఆడపడుచు చీటీలు పక్కన పెట్టింది. "మీ ఇంటికొచ్చినప్పుడు ఒకసారి నీ గొడుగు కనబడలేదు. మేం వెళ్ళబోతుంటే నువ్వు ఈయన సంచి తెరిచి చూశావు. నవ్వుతూనే చూశావు, కాదన్ను. ఆ రోజు నుంచీ ఈయన మీ గడప తొక్కాలంటే భయపడతాడు. అలాంటిది, నీ గుడ్డ కాల్చానని వచ్చి చెప్తాడా?"

ఆయన ఇస్త్రీపెట్టె తీగని చేతికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆ రెండు మాటల మనిషిలో మతలబు వెతికింది ఆమె. అక్కడున్నది ఇంతే.

సాయంత్రం భర్తని అడిగింది, "ఎంతమందికి తెలుసు?"

"చెల్లికీ, బావకీ, ప్రింటర్‌కీ, నాకూ." కొంచెం ఆగి, "అమ్మాయికి కూడా" అన్నాడు.

కూతురు కూడా! వాళ్ళెవరూ ఆమెని ముంచాలని కలవలేదు. ఆమెకి భయపడి కలిశారు. దొంగలయితే నాలుగు కేకలేసి ఊరుకునేది. దీనికి ఏం చెయ్యాలో తోచక, వంటింట్లో శుభ్రంగా ఉన్న గిన్నెలే మళ్ళీ తోముతూ నిలబడింది.

మర్నాడు యజమానికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గుడ్డని అటూ ఇటూ చూసి, "బాగానే ఉందిగా. కాలిన సంగతి నాకెందుకమ్మా?" అన్నాడు.

"తర్వాత తెలిస్తే నన్ను అనుమానిస్తారు."

"నిన్ను అనుమానించేంత ఓపిక ఈ ఆఫీసులో ఎవరికుంది?" అని ఆయన ఫక్కున నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆ వారంలోనే మళ్ళీ లాండ్రీకి వెళ్ళింది, ఆడపడుచు లేని వేళ చూసుకుని. "అన్నయ్యా, ఆ గొడుగు ఆఫీసులోనే మర్చిపోయాను. దొరికినప్పుడే చెప్పాల్సింది."

"తెలుసమ్మా" అన్నాడాయన. "మర్నాడే నీ చేతిలో చూశాను, బస్టాపులో."

"మరి మీరెందుకు అడగలేదు?"

"ఏమని అడగను?"

నిజమే, ఏమని అడుగుతాడు? ఆయన ఒక స్టూలు తుడిచి జరిపాడు. ఆమె కూర్చుంది. ఆయన టీ తెప్పించాడు. ఆ పూట ఇద్దరూ వానల గురించీ, కరెంటు గురించీ మాట్లాడుకున్నారు. రెండు మాటలకు మించి.

అంతమాత్రాన ఆమె మారిపోయిందని కాదు. కొత్త గుడ్డని హాలు లైట్ల కింద పరిచినప్పుడు రంగు పాతదానికంటే వీసమెత్తు లేతగా ఉందని పట్టేసింది. ఇంకెవరికీ కనిపించలేదు. నేల మీద ఆనే మూలలు గుండ్రంగా కత్తిరించి ఉండటం కూడా అప్పుడే చూసింది. నడిచేవాళ్ళ కాళ్ళకి తగలకుండా అలా చెయ్యమని ఆడపడుచే ప్రింటర్‌కి చెప్పిందట. ఇది తనకెందుకు తట్టలేదా అని ఆమె ఆ పూటంతా లోలోపల ఉడికిపోయింది.

కొన్నాళ్ళకు ఆడపడుచు నుంచి ఫోన్ వచ్చింది. "వదినా, మీ గుడ్డ మీద కాఫీ మరక పోవడం లేదు. ఇంకా రుద్దితే రంగు వెలిసిపోయేట్టుంది, ఆపేశాను. ముందే చెప్తున్నా."

ఎవరు పోశారు, ఎప్పుడు పోశారు, మీ దగ్గరే పడిందా అన్న మూడు ప్రశ్నలూ ఆమె నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి.

"సరే, నేనొస్తున్నా. కలిసి చూద్దాం."

ఇద్దరూ కలిసి చూశారు. పోలేదు. తర్వాతి ఎగ్జిబిషన్‌లో సరిగ్గా ఆ మరక మీద కంపెనీ తాళాల్లోకెల్లా పెద్దదైన గోదాము తాళం పెట్టారు. చూడ్డానికొచ్చినవాళ్ళు దాని బరువు చూద్దామని చెయ్యి చాపినప్పుడల్లా, ఆమె గబగబా వచ్చి ఇంకో తాళం వాళ్ళ చేతిలో పెట్టేది.