రాజమండ్రి నుంచి వచ్చిన గుర్రాలు

“గుర్రాలు రెండెందుకండీ? ఒకటి చాలదూ?”

“ఒంటి గుర్రంతో ఏం పరువే? రెండూ ఉంటేనే దానికి అందం.”

“ఎక్కడ పెడతారు వాటిని?”

“వీధిగదిలో. గోడకి.”

“బావుంది ఎగతాళి! మరి తిండి?”

“తిండేంటి నీ మొహం! నెలకో చుక్క నూనె వేస్తే పడుంటాయి.”

“అయితే నా గేదె గతేంటి?”

“మధ్యలో నీ గేదె ఎందుకొచ్చిందే? అది ఎటు పోతే నాకేంటి!”

ఆ మాటతో నేను మజ్జిగ గిన్నె ఠపీమని కింద పెట్టాను. మా ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

ఆ రోజుల్లో కొత్తకోడలికి ఏదైనా అర్థం కాకపోతే పెద్దవాళ్లని అడిగే వీలుండేది కాదు. తలుపు చాటున నిలబడి, చెవిన పడ్డ ముక్కల్ని తనే అతికించుకోవాలి. నేను చదివింది మూడో తరగతి (అదీ పరీక్షకి ముందే మానిపించారు). కాపురానికి వచ్చింది తణుకు దగ్గర పల్లెకి. వచ్చిన దగ్గర్నుంచీ మామగారి నోట ఒకటే మాట: “గుర్రాలు రెండూ రాజమండ్రిలో ఉన్నాయి. ఇంగ్లండువి. అలాంటివి ఈ చుట్టుపక్కల ఎవరికీ లేవు.” ఆవేళ పొద్దున్నే “గుర్రాలు బాగయ్యాయట, సాయంత్రానికి తెచ్చేస్తాను” అని ప్రయాణం కట్టారు. పాపం, జబ్బు చేసిన సీమ గుర్రాలకి వైద్యం చేయిస్తున్నారు కాబోలు అనుకున్నాను.

నా బెంగల్లా పశువుల పాక గురించి. ఉన్నది ఒక్కటే పాక, అందులో నా గేదెకే చోటు సరిపోయేది. నరసాపురం రేవులో పంటు మీద గోదావరి దాటించి దాన్ని నాతో పంపారు మా నాన్న. నది మధ్యలో బెదిరితే దాని మెడ పట్టుకుని ఒడ్డు చేరేదాకా నిలబడ్డాను. పుట్టింటి నుంచి నాతో వచ్చిన ప్రాణి అదొక్కటే. రెండు గుర్రాలొస్తే దాన్ని వానలో కట్టేస్తారు, లేదా సంతకి తోలేస్తారు. “ఎటు పోతే నాకేంటి” అని మా ఆయన నోటితోనే అన్నారు కదా! దానికి కొత్త పలుపు వేసి, ముడి మీద ముడి బిగించాను. అది గడప దాటితే నేనూ దాటుతానని బట్టలు మూటగట్టి పాకలోనే పెట్టాను. అయినా ఇంటికొచ్చిన మూగజీవాల్ని పస్తుంచలేం కనక అరుగు పక్కనే బానలో మానెడు ఉలవలు నానబోశాను. (మానెడే. సీమవైతే మాత్రం, మొదటిరోజే ఎక్కువ అలవాటు చెయ్యకూడదు.)

సాయంత్రం మామగారు రిక్షాలో ఒక్కరే దిగారు. ఒళ్లో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట, పసిపిల్లని పట్టుకున్నట్టు. రిక్షా వెనక్కి చూశాను. కాలవ మలుపుదాకా చూశాను. గుర్రం జాడే లేదు. ఉండబట్టలేక మొదటిసారి ఆయన ఎదుటపడి అడిగేశాను.

“మామయ్యగారూ, గుర్రాలు నడిచొస్తున్నాయాండీ?”

ఆయన నన్ను వింతగా చూసి దుప్పటి విప్పారు. జంట గొట్టాల తుపాకీ! ఎవరో దొర వెళ్లిపోతూ మామగారి నాన్నగారికిచ్చిందట. చేలమీద వాలే పక్షుల్ని బెదరగొట్టేవారట. గొట్టాల వెనక పైకి లేచి ఉన్న చిన్న సుత్తుల్ని బొటనవేలితో లాగి చూపించారు.

“ఇదొక గుర్రం.” టక్.

“ఇది రెండోది.” టక్.

తుపాకీకుండే ఆ సుత్తుల్ని గుర్రాలనే అంటారట, పాడైతే బాగుచేయించడానికే రాజమండ్రిలో ఇచ్చారట. నా చిటికెనవేలంత లేవు. రెండడుగులు వెనక్కి వేశాను. తుపాకీని చూసి కాదు. ఉలవల బాన, కొత్త పలుపు, బట్టల మూట ఒక్కసారిగా గుర్తొచ్చి.

“ఈ ఉలవలేంటమ్మా?” అన్నారు మామగారు.

నా చూపు పాకవైపు పోయింది. మధ్యాహ్నం గొడవకి అర్థం అప్పుడు తెలిసి, మా ఆయన స్తంభం పట్టుకుని నవ్వుతూ నవ్వుతూ అరుగు మీదకి జారిపోయారు. మామగారు మాత్రం నవ్వలేదు. పాకలోకి వెళ్లి పలుపు చూశారు, మూట చూశారు.

“దీన్ని పంపేస్తామని ఎవరన్నారమ్మా నీతో?” అని పై ముడి ఆయనే విప్పారు.

ఆ తుపాకీ ఇప్పటికీ వీధిగదిలో గోడకే ఉంది. ఎన్నికలొస్తే రూలు ప్రకారం పోలీసు స్టేషన్లో అప్పగించి తెచ్చుకుంటాం (“గుర్రాలు పుట్టింటికెళ్లాయి” అంటాను నేను). నెలకో చుక్క కుట్టుమిషను నూనె వేసేది నేనే. వేస్తున్నప్పుడల్లా “తిండి పెట్టావా?” అనేవారు మా ఆయన. ఇప్పుడు ఆ అడిగే మనిషి లేరు. నూనె చెయ్యి తుడుచుకుంటూ, కాలవ మలుపుదాకా గుర్రాల కోసం చూసిన ఆ పిల్లని తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను.

ఆ గుర్రాలొచ్చిన మర్నాడు పొద్దున్నే ఉలవలు ఉడకేశాను. చారు మాకు, ఉలవలు గేదెకి. మామగారు చారు రెండోసారి వేయించుకున్నారు. గుర్రాల మాట ఎవరూ ఎత్తలేదు. నేను పాకలోంచి మూట తెచ్చుకుని, బట్టలు మళ్లీ దండెం మీద వేసుకున్నాను.