మబ్బుల పాఠంలో కుడి కాలు

హాస్టల్లో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే ముందు నన్ను బయటికి పంపేవారు. అంత వెటకారం చేసేదాన్ని. ఇప్పుడు నోరు మూసుకుని వింటున్నాను.

విమానం నడపడం నేర్చుకునే ముందు అమీర్‌పేటలో థియరీ కోచింగ్‌కు వెళ్లాను. మా ముసలి సారు టేబుల్ మీద పాత విమానంలోంచి ఊడదీసిన మీటరు ఒకటి ఉండేది. పైన సూది, కింద గాజు గొట్టంలో నల్ల గోళీ. మామూలు మలుపులో గోళీ ఎటు జారితే అటువైపు పెడల్‌ని కాలితో నొక్కాలి. విమానం గిర్రున తిరుగుతూ పడిపోతుంటే మాత్రం గోళీని చూడకూడదు. సూది ఎటు ఒరిగితే దానికి ఎదురు కాలు నొక్కాలి.

సారు ఉంగరంతో ఆ మీటరు అద్దం మీద రెండుసార్లు టక్‌టక్‌మనిపించి, "నీ ఒళ్లు సుత అబద్ధం చెప్తది బిడ్డా. సూదిని నమ్ము" అనేవారు.

నమ్మలేదు. ఊరవతల విమాన శిక్షణలో రెండుసార్లు గోళీనే చూసి తప్పు కాలు నొక్కాను. రెండుసార్లూ పక్క సీట్లో కూర్చుని నేర్పే మేడమే గట్టెక్కించారు. మూడోసారీ తప్పితే ఇంటికే అన్నారు. ఆ రాత్రంతా ఏడ్చాను.

మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక మేడం విమానాన్ని గిర్రున తిప్పి నాకు వదిలేశారు. కింద అంతా మసక. గోళీ ఎడమకు పోయింది. నా ఎడమ కాలు కదిలింది.

అద్దం మీద టక్‌టక్.

చూపు సూది మీద పడింది. అదీ ఎడమకే ఒరిగి ఉంది. కుడి కాలు గట్టిగా నొక్కాను. తిరగడం ఆగింది.

"అద్దం మీద కొట్టింది నువ్వేనా అమ్మా?" అన్నారు మేడం. నా రెండు చేతులకూ పని ఉంది. ఆవిడ చేతులు ఒళ్లో ఉన్నాయి.

గెలిచానని చెబుదామని సారు దగ్గరే ఇంకా కోచింగ్ తీసుకుంటున్న నా రూమ్మేట్ స్వప్నకు ఫోన్ చేశాను. నన్ను నోరు తెరవనివ్వలేదు.

"ఇయ్యాల సారు మబ్బుల పాఠం నడుమ ఆగి, మీటరు మీద రెండుసార్లు కొట్టి, 'కుడి కాలు' అన్నడే. తొమ్మిదింటి క్లాసుల. మేమందరం రాసుకున్నం."

అమీర్‌పేటలో సారు తుమ్మినా నోట్సులోకి ఎక్కుతుంది.

తర్వాత సారునే అడిగాను. "మబ్బుల పాఠంల కాళ్ల ముచ్చట నేనెందుకు చెప్త?" అని నవ్వారు. ఆయనకు నిజంగానే గుర్తులేదు.

ఇప్పుడు నా చేతిలో లైసెన్సు ఉంది. ఆ రోజు ఏం జరిగిందో మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. స్వప్న నోట్సు పంజాగుట్ట జెరాక్సు షాపుల దాకా పోయింది. మబ్బుల పేజీ మధ్యలో 'కుడి కాలు' అలాగే ఉంది. ఎందుకో తెలియకపోయినా కొత్త పిల్లలు బట్టీ పడుతున్నారట. తీసెయ్యమని నేను చెప్పలేదు.