కర్ఖేలి చేలో గుడ్లు మాట్లాడిన రోజు

మా అక్క కూతురు సహజ పక్షుల కూతల మీద పరిశోధన చేస్తోంది. మే నెల చివర్లో ఒకరోజు ఫోన్ చేసి, "మామా, గుడ్డు మాట్లాడుతది, ఇననీకి వస్తవా?" అని అడిగింది. నాందేడ్‌లో రైల్వే ఉద్యోగం చేస్తున్న నాకు పట్టాల పక్కన టిట్టిటీ అని అరుస్తూ తిరిగే తీతువు పిట్టలు కొత్త కాదు. ఆ అరుపు వినబడితే కీడని మా ఇంట్లో కిటికీలు మూసేవాళ్లు. అలాంటి పిట్ట గుడ్డులో మాటలేమిటో అర్థం కాలేదు. ఆదివారం ఖాళీగానే ఉన్నాను కదా అని బయల్దేరాను.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి తేలికే. నాందేడ్‌లో పొద్దున్నే ధర్మాబాద్ వైపు ప్యాసింజర్ ఎక్కితే ముద్‌ఖేడ్, ఉమ్రి దాటాక కర్ఖేలి వస్తుంది. టికెట్‌కి అయ్యేది వడాపావ్, చాయ్ ఖర్చంతే. ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ అక్కడ ఆగవు, ముందే కనుక్కోండి. సహజ ఎవరిదో మోటార్‌సైకిల్ అడిగి తెచ్చుకుని స్టేషన్ బయట నిలబడి ఉంది. తొమ్మిది కాకముందే ఎండ వీపు మీద పెనంలా కాలుతోంది.

ఆమె పని చేస్తున్నది గంగారాం అనే రైతు చేలో. మేం చేరేసరికి గట్టు పక్కన ట్రాక్టర్ ఆగి ఉంది. గంగారాం అరవై దాటిన మనిషి, ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే కుటుంబం. సోయా విత్తడానికి ముందు దుక్కి దున్నించాలి, అద్దె ట్రాక్టర్‌కి ఆరోజు ఆయన వంతు. పడమట మబ్బు పట్టింది. ఈ వంతు పోతే ట్రాక్టర్ సగరోళి వైపు వెళ్లిపోతుందనీ, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేననీ డ్రైవర్ మరాఠీలో తొందర పెడుతున్నాడు. తీతువు గుడ్ల కోసం చేను నడుమ చూస్తే గూడు లాంటిదేమీ లేదు. సహజ బైనాక్యులర్ ఇచ్చి చూపించాక, గులకరాళ్ల మధ్య మట్టిరంగు మచ్చలున్న నాలుగు గుడ్లు కనిపించాయి.

"బిడ్డా, గవి తీసి గట్టు మీద పెట్టరాదు?" అన్నాడు గంగారాం. కసురుకోలేదు, బతిమాలినట్టే అడిగాడు.

చోటు మారిస్తే తల్లి మళ్లీ వాటి దగ్గరికి రాకపోవచ్చని సహజ చెప్పింది. ట్రాక్టర్ మోతకు తల్లి లేచిపోయినా, ఆ ఎండకు గుడ్లు ఎంతోసేపు నిలవవు. ఇంకేం వాదించకుండా, గట్టు మీది వేపచెట్టు కింద పెట్టిన రికార్డింగ్ యంత్రం దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. జొన్న గింజంత మైకు ఒకటి గుడ్ల పక్కన మట్టిలో ఉంది, దాని సన్నని తీగ గట్టు దాకా వచ్చింది. వింటూ వింటూ ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నిన్నటి దాకా ఒక్క గుడ్డులోంచే చప్పుడు వచ్చేదట. "ఇయ్యాల నాలుగూ మాట్లాడుతున్నయ్ మామా," అంటూ హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టింది.

ముందు గాలి హోరే వినిపించింది. తర్వాత దాని అడుగునుంచి సన్నగా 'చిప్... చిప్' అని ఒకటి, కాసేపటికి ఇంకోటి. పైన కూర్చున్న తల్లి గొంతులోనే గొణిగినట్టు 'క్లుక్' అని బదులిస్తోంది. లోపలివాళ్లు అడగడం, బయటిది ఊకొట్టడం. అంతలో గట్టు వెంట కుక్క ఒకటి వచ్చింది. కాపలా ఉన్న మగపిట్ట గాల్లోకి లేచి కేకలేసింది. నా చెవుల్లో నాలుగు గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఇంకా వెలుతురు చూడని ప్రాణాలవి. కుక్క అంటే ఏమిటో వాటికి తెలియదు. అయినా తండ్రి గొంతులోని భయం పెంకు దాటి వాటికి చేరింది. కుక్క వెళ్లిపోయింది. కుక్కను చూసి లేచిపోయిన తల్లి, గుడ్లను చల్లబరచడానికి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, వాటి మీద కూర్చుని మళ్లీ గొణిగింది. చాలాసేపటికి ఒక 'చిప్'. దాని వెనక మరొకటి.

హెడ్‌ఫోన్ తీసి గంగారాంకు ఇచ్చాను. ఆయన తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని, నేల చూస్తూ విన్నాడు.

"గిది లోపల్నుంచేనా?"

"లోపల్నుంచే కాకా."

ఆయన లేచి ట్రాక్టర్ దగ్గరికి నడిచాడు. రోడ్డవతల పక్కవాళ్ల చేను ముందు దున్నమని, తన వంతు వాళ్లకిమ్మని డ్రైవర్‌తో చెప్పాడు. మబ్బు చూపించి అతను గొణిగాడు. గంగారాం మా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "లోపల మాట్లాడేటోళ్ల మీదికెల్లి టాక్టర్ ఎట్ల తోలిస్త?"

పిల్లలు బయటికొచ్చేది ఆరోజో మర్నాడో సహజకూ తెలియదు. పిల్లలు పెంకులో ఉండగానే తల్లిదండ్రుల గొంతు నేర్చుకుంటాయా, పుట్టుకతోనే తెలిసి వస్తాయా అన్నదే తాను వెతుకుతున్నదని చెప్పింది. మధ్యాహ్నం గంగారాం భార్య లక్ష్మీబాయి జొన్నరొట్టెలు, పిట్ల అనే శనగపిండి కూర, పచ్చిమిర్చి దంచిన ఠేచా తెచ్చింది. తానూ కాసేపు విని, "మస్తు ముచ్చట పెడుతున్నయ్," అని నవ్వింది. సాయంత్రానికి రెండు గుడ్లు చిట్లాయి. నేను తిరుగు రైలు వదిలేసి వాళ్లింట్లోనే ఉండిపోయాను. చీకటి పడ్డాక ఉరిమింది. గంగారాం అరుగు మీద కూర్చుని ఆకాశమే చూస్తున్నాడు. నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి.

తెల్లవారి చేనుకు వెళ్తే పెంకులే ఉన్నాయి. కాస్త దూరంలో తల్లి, దాని వెనక పుల్లల్లాంటి కాళ్ల మీద పిల్లలు. అప్పుడే పక్కవాళ్ల చేను ముగించుకుని వస్తున్న ట్రాక్టర్ మోత రోడ్డు మీద వినబడింది. తల్లి అరిచింది. పిల్లలు నేలను కరుచుకుని మాయమయ్యాయి. అంత దగ్గర్లో ఉన్నా ఒక్కటీ కనబడలేదు. గంగారాం చెయ్యెత్తి ట్రాక్టర్‌ను ఆపించాడు. మోత ఆగాక తల్లి మెల్లగా పిలిచింది. ఒక గడ్డ పక్కనుంచి ఒకటి లేచింది, చాలులోంచి రెండు. నాలుగోది రాలేదు. తల్లి మళ్లీ పిలిచింది. మా కాళ్లకు నాలుగడుగుల దూరంలో, రాయి అనుకున్నది కదిలి తల్లి వైపు పరుగెత్తింది.

"అచ్చిందిరా," అన్నాడు గంగారాం, తనలో తనే. అవి గట్టు దాటేదాకా ట్రాక్టర్ కదల్లేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, వెనక్కి పోతున్న నల్ల దుక్కులు నాకు ఖాళీగా అనిపించలేదు. కళ్లు తెరవకముందే ఒకరి గొంతు వినడం, ఆ గొంతును నమ్మి నోరు మూసుకోవడం, అది పిలిస్తే లేచి రావడం. బతకడానికి మొదటి పాఠం అక్కడే మొదలవుతుందేమో. ఆ పాఠం జరుగుతుండగా గట్టు మీద కూర్చునే అదృష్టం నాకు దొరికింది.

మీరు వేసవిలో ఇటు చేలల్లో నడిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. తీతువు మీ తల మీద తిరుగుతూ అదే పనిగా అరుస్తుంటే అక్కడే ఆగండి. పాదాల చుట్టూ చూసి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి. ఆ అరుపు విని, మీ కాళ్ల దగ్గరే ఎవరో ఊపిరి బిగబట్టి ఉంటారు.