అంచు కోసిన కీపర్

నిన్న ఒక మసాలా వ్యాపారి కొత్త పెట్టెలకు కొలత ఇవ్వడానికి వచ్చి, నమూనాకని తెచ్చిన లవంగాల ప్యాకెట్లు నా బల్ల మీద గుమ్మరించాడు. నాచారంలో మాది అట్టపెట్టెలు చేసే చిన్న షెడ్డు. పొద్దస్తమానం జిగురు వాసన తప్ప మరొకటి ముక్కుకు తగలదు. ఆ లవంగాల ఘాటు లేవగానే కొలిచే టేపు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఏందన్నా, పెట్టె ఎంతైతదో చెప్పమంటే కండ్లు మూసుకుంటివి?" అన్నాడాయన. "రేటు చెప్తే ఎట్లైనా నువ్వు మూసుకుంటవ్ గదా, నీకు తోడుగ ముందుగాల నేను మూసుకున్న" అన్నాను. ఆయన నవ్వాడు. నేను మాత్రం అప్పటికే భ్రమరాంబ గారి గదిలో ఉన్నాను.

ఉప్పల్‌లో స్టేడియం లేస్తున్న రోజులవి. నాచారంలో ఒక డాబా ఇంటి పై వాటాలో ఆవిడ, కింది గదిలో నేను అద్దెకుండేవాళ్ళం. ఆవిడది రాజమండ్రి వైపు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు ఊరూరికీ వేరుచేసే పని చేసి రిటైరయ్యారు. నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి, ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి అట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద స్థిరపడ్డవాణ్ణి. ఆవిడ దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. దాని నిండా పాత క్రికెట్ కార్డులు. ఒకప్పుడు చూయింగ్ గమ్ పొట్లాలతో వచ్చేవట: అరచేతిలో పట్టే అట్ట ముక్క, ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని వివరాలు. ఆడపిల్లవని ఆటలో చేర్చుకోని అన్నలు, గమ్ తాము నమిలేసి కార్డు మాత్రం చెల్లెలి చేతిలో పెట్టేవాళ్ళట. ఆవిడ వాటిని నేల మీద పరిచి ఫీల్డింగ్ పెట్టుకునేవారు. పురుగు పట్టకుండా ఆ డబ్బాలో లవంగాలు వేసేవారు. స్టేడియం తయారయ్యాక, "ఇంత దగ్గర ఉండి ఒక్క మ్యాచ్‌కు పోవేంది ఆంటీ?" అని అడిగితే, "నా ఆటగాళ్ళు అక్కడ లేరయ్యా" అన్నారు.

చిన్ననాటి కార్డులు సగం ఊళ్ళోనే పోయాయి. మిగతావి తపాలా వేలంలో ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకున్నారు. బొంబాయిలో పాత వస్తువుల వర్తకుడొకాయన మూడు నెలలకోసారి కేటలాగు పంపేవాడు. కావలసిన వస్తువు నంబరు, మనం పెట్టగల ధర కాగితం మీద రాసి పోస్టు చెయ్యాలి. ఎవరి ధర ఎక్కువైతే వస్తువు వారిది. రెండు ధరలు ఒకటే అయితే ముందు చేరిన ఉత్తరానిది.

"వేలమంటే అర్వాలె గదా ఆంటీ. గిట్ల సప్పుడు లేకుండ పాడుతరా?" అన్నాను మొదటిసారి చూసి.

"అరవక్కర్లేదయ్యా, ఆలోచించి రాస్తే చాలు."

కేటలాగంతా ఇంగ్లీషే. సాయంత్రాలు ఆవిడ పక్కన కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. బడిలో వంటబట్టని ఇంగ్లీషు నాకు అలా వచ్చింది. అందుకే ఇప్పటికీ నాకు మెచ్చుకునే మాటలకన్నా వంకపెట్టే మాటలే బాగా వచ్చు. ఎందుకంటే ఆ కేటలాగు ప్రతి వస్తువుకూ ముందు లోపం చెప్పేది. మూల నలిగింది, వెనక జిగురు మరక ఉంది, మధ్యలో మడత పడింది.

"అమ్మేటోడే గిన్ని వంకలు చెప్తే కొనేటోడు ఏం మాట్లాడాలె ఆంటీ?"

"వస్తువు చూడకుండా కొంటున్నాం కదా. ఆయన మాటే మన కళ్ళు" అన్నారు.

ఆవిడ జట్టులో పది మంది కుదిరారు. వికెట్ కీపర్ ఒక్కడే దొరకలేదు. పదకొండు కార్డులూ పూర్తి చేసిన కొనుగోలుదారుల సెట్టు ఫోటోను, వారి పేరుతో సహా, కేటలాగు అట్ట మీద వేసే ఆనవాయితీ ఉండేది. అది అమ్మకానికి కాదు, గౌరవానికి. "ముప్పై ఏళ్ళు ఊరందరి పేర్లూ చదివి సంచుల్లో వేశానయ్యా. ఒక్కసారి నా పేరు అచ్చులో పోస్టుమేన్ చేతికి రావాలి" అనేవారు. ఒకసారి కీపర్ వేలానికి వచ్చాడు. ఆవిడ ధరా, పుణేలో ఎవరిదో ధరా సమానమయ్యాయి. ఇక్కడ రెండు రోజులు బంద్ జరిగి ఆవిడ ఉత్తరం ఆలస్యంగా చేరింది. "మీ బంద్ నా కీపర్‌ని అవుట్ చేసిందయ్యా" అని నన్ను దులిపేశారు. "తెలంగాణ రానియ్యి ఆంటీ, మొట్టమొదలు నీ కీపర్‌నే తెప్పిస్త" అన్నాను.

తెలంగాణ కంటే కీపరే ముందొచ్చాడు. మూడేళ్ళకు మరో కార్డు వేలానికొచ్చి ఆవిడకే దక్కింది. ఆ రోజు ఆవిడ కవరు విప్పకుండా చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత, "పదకొండు మందికీ సరిపడా మంచి అట్టపెట్టె చేసివ్వవయ్యా" అని, కొలతకని ఆ కార్డే నా చేతికిచ్చారు. నా మీద అంత నమ్మకం.

మిషన్ దగ్గర చూస్తే కార్డు కుడి అంచు వంకరగా, పీచు లేచి ఉంది. ఏనాడో కోసినవాడెవడో పని రానివాడు అనుకున్నాను. వంకర అంచు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. కత్తి దించాను. అగ్గిపుల్లంత పట్టీ రాలి తుక్కులో పడింది. అంచు అద్దంలా వచ్చింది.

పెట్టెతో పాటు గర్వంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ దాన్ని మిగతా పది కార్డుల పక్కన పెట్టారు. జట్టు మొత్తంలో కీపర్ ఒక్కడే సన్నగా ఉన్నాడు.

"ఏం చేశావు యాదగిరీ?"

చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే ఏదో ఒకటి అని నవ్వించి బయటపడేవాణ్ణి. "పాత కార్డు అసలుదనడానికి ఆ వంకరే సాక్ష్యమయ్యా. కోసిన కార్డున్న సెట్టుని అట్ట మీద వెయ్యరు" అని మాత్రం అన్నారు. నేను ఫ్యాక్టరీకి పరుగెత్తి తుక్కు బస్తా బోర్లించి, ఆ పట్టీ వెతికి పట్టుకొచ్చాను. దాని మీద కీపర్ గ్లవ్ కొస ఉంది.

"ఫోటోల ఎవ్వనికి ఎరుకైతది ఆంటీ? పెట్టెల అంచులు కనపడకుండ పెడ్త. నీ పేరు అట్ట మీద వస్తది" అన్నాను. బతిమాలాను కూడా.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని కాగితం తీసుకున్నారు. "నీకు తెలుసు, నాకు తెలుసు. చూడనివాళ్ళకి చెప్పకపోతే ఎలా?" అంటూ బొంబాయికి ఉత్తరం రాశారు. దాన్ని పోస్టు డబ్బాలో వేసి రమ్మని నన్నే పంపారు. ఆ డబ్బా ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలుసు. చివరికి వేశాను.

తర్వాతి కేటలాగు అట్ట మీద ఇంకెవరో ఉన్నారు. లోపలి పేజీలో మూల రెండు లైన్లు: పదకొండు కార్డులు పూర్తి. కీపర్ కార్డు కుడి అంచు కోయబడినది, యజమానురాలే తెలిపారు. పేరు లేదు. నన్నే చదవమన్నారు, చదివాను.

"నా పేరు రాకపోయినా నీ పని అచ్చయిందయ్యా" అని నవ్వారు. "అయినా కీపర్ వేలు కోసేశావు, ఇక క్యాచ్‌లు ఎలా పడతాడు?"

నేను కేటలాగు మూసి, కీపర్‌ని పెట్టెలో మిగతా పదిమంది పక్కన పెట్టాను.

కొన్నాళ్ళకు ఆవిడ నాగోల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆ పట్టీ నా చేతిలో పెట్టి, "కార్డు నాది, ముక్క నీది. దగ్గర పెట్టుకో" అన్నారు. రాష్ట్రం వచ్చిన ఏడాదే పోయారు. కార్డులు ఇప్పటికీ నేను చేసిన పెట్టెలోనే, లవంగాలతో, ఆ ఇంట్లో ఉన్నాయి.

పట్టీ నా మిషన్ పిడి మీద, పారదర్శకమైన టేపు కింద ఉంది. ఎర్రటి గ్లవ్ కొస ఇంకా వెలిసిపోలేదు.

నిన్న మసాలా వ్యాపారికి కొలత రాసిచ్చి, "గీ అట్టకు తేమ తగుల్తే మెత్తవడతది, ముందే చెప్తున్న" అన్నాను.

"అమ్మేటోనివి నువ్వే గట్లంటే నేనేం మాట్లాడాలె అన్నా?"

జవాబు నాకు తెలుసు, భ్రమరాంబ గారు ఏనాడో చెప్పారు. పిడి మీద చెయ్యి వేసి, ఆ గ్లవ్ కొసను ఒకసారి చూసి, కత్తి దించకుండానే నమూనా అట్టను మళ్ళీ కొలిచాను.