కడగొద్దన్న రాళ్ళు

2003 జూన్. అమలాపురంలో కాలవ గట్టున నా నీళ్ళ పరీక్ష గది పెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. అల్లవరం, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చేవారు. ఉప్పెంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత అన్నది చూసి కాగితం మీద రాసివ్వడం నా పని. నేను చదివింది ఇంటర్మీడియెట్, అదీ కామర్సు. నీళ్ళ సంగతులన్నీ పుస్తకాలు కొనుక్కుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నవే. డిగ్రీ లేదు కాబట్టి అంకె దగ్గర జాగ్రత్త ఎక్కువ. ప్రతి పరీక్షా రెండుసార్లు చేసేవాణ్ణి. రెండూ కలవకపోతే మూడోసారి. జనం నీళ్ళ డాక్టరనేవారు. ఆ మాట నాకు ఇష్టంగానే ఉండేది.

ఒక ఆదివారం, చర్చి నుంచి నేరుగా వచ్చినట్టు తెల్లచీరలో ఒకావిడ సీసా పట్టుకుని వచ్చారు.

"ఏ చెరువండీ?" అన్నాను రిజిస్టరు తెరుస్తూ.

"చెరువు కాదండీ. అద్దాల తొట్టి."

"మరి ఎన్నెకరాలన్న గడిలో ఏం రాయమంటారు?"

"నాలుగడుగులని రాయండి," అన్నారావిడ, నవ్వకుండా.

ఆవిడ పేరు సుగుణ. మలికిపురం దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. రాజోల్లో వర్మగారని, ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన ఆయన ఇంట్లో సముద్రపు చేపల అక్వేరియం ఉందట. ఆయనకు చేతులు వణుకుతున్నాయి. బకెట్లతో నీళ్ళు మోయలేక, తొట్టీ సామానూ చేపలూ కలిపి ఎవరికైనా అమ్మేద్దామనుకుంటున్నారు. టీచరుగారు దాన్ని బడి కోసం సొంత డబ్బుతో కొందామనుకుంటున్నారు. పాత సామాను కదా, నీళ్ళు చూసి కొనొచ్చో లేదో చెప్పమని వచ్చారు.

"బడికెందుకండీ ఇది?"

"మా పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో చెరువుల మీద పనేనండి. ఏ చేప చూపించినా కిలో ఎంతో చెప్పేస్తారు. తూకానికి రాని చేప ఒకటి చూపిద్దామని."

నీళ్ళు పరీక్ష చేశాను. సెలినిటీ, అంటే వెయ్యి పాళ్ళ నీటిలో ఉప్పు ఎన్ని పాళ్ళో చెప్పే లెక్క, ముప్పై నాలుగు వచ్చింది. పీహెచ్ ఎనిమిదీ పాయింటు రెండు. అమ్మోనియా సున్నా. చేపల రెట్ట నుంచీ మిగిలిన మేత నుంచీ నీళ్ళలో చేరే విషం అమ్మోనియా. రెండోసారి చూసినా సున్నాయే.

"ఇంత శుభ్రమైన నీళ్ళు ఏ చెరువులోనూ చూళ్ళేదండీ. కొనుక్కోండి," అన్నాను.

సున్నా అని రాశాను. ఎందుకు సున్నా అని అడగలేదు. చేపలు రోజూ తిని రెట్ట వేసే తొట్టిలో అది సున్నా ఎలా అయిందన్నది లెక్క తెలిసినవాడు అడగవలసిన మొదటి ప్రశ్న. నేను సున్నాని చూసి అక్కడేమీ లేదనుకున్నాను.

తొట్టి తరలించే రోజున నన్ను కూడా రమ్మన్నారు. ఉప్పునీటి అక్వేరియం అంతకుముందు నేను చూడలేదు. వర్మగారి వసారాలో బొరియలు బొరియలుగా ఉన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి సందుల్లోంచి నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు వచ్చి, ఆయన అద్దానికి వేలు ఆనిస్తే అక్కడికే వచ్చి నిలబడ్డాయి. క్లౌన్ ఫిష్ అంటారు వాటిని. ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాయి. పెద్దది, చిన్నది అని పిలుస్తారు, అంతే.

"రాళ్ళు కడక్కండమ్మా," అన్నారు వర్మగారు టీచరుగారితో. "తడి కూడా ఆరనివ్వకండి. తడిగోనెలో చుట్టి పట్టుకెళ్ళండి. నీళ్ళు కూడా సగమన్నా ఇవే తీసుకెళ్ళండి."

"ఎందుకండీ?" అని నేను అడిగాను.

"ఎందుకో నాకు చెప్పడం రాదండీ. నేను ఇంజన్ల మనిషిని. మొదట్లో ఒకసారి శుభ్రంగా కడిగేను. వారంలో చేపలన్నీ పోయేయి. మళ్ళీ కడగలేదు."

"నీళ్ళు ఎంత శాతం మారుస్తారు? ఎన్ని రోజులకి?"

"శాతాలు లేవండీ. చూస్తే తెలుస్తుంది."

శాతం చెప్పలేని మనిషి మాట నా చెవికి ఎక్కలేదు. సరిగ్గా అప్పుడే ఒక రాయి బయటికి తీస్తే, దాని బొరియలోంచి వెంట్రుకల పురుగొకటి పాకుతూ వచ్చింది. నేను చటుక్కున వెనక్కి జరిగాను. ఎందుకో చెప్పాలి.

తొంభైల్లో మా చెరువుల మీద వైట్ స్పాట్ పడింది. రొయ్య డిప్ప మీద తెల్లమచ్చలు వేసి రోజుల్లో చెరువు మొత్తాన్ని ఊడ్చేసే జబ్బది. పీతలూ పురుగులూ దాన్ని మోసుకొస్తాయని తెలిశాక మేం ఒకటే పద్ధతి పట్టుకున్నాం. పంట అయ్యాక చెరువు ఎండగట్టడం, బ్లీచింగు కొట్టడం, రొయ్య తప్ప ప్రాణమున్నదేదీ మిగలకుండా చూడడం. ఆ పద్ధతిలో బాగుపడ్డ చెరువులు నా రిజిస్టర్లో కొల్లలు. నా పేరు నిలిచింది దానివల్లే. కాబట్టి ఆ పురుగు నాకు పురుగులా కనిపించలేదు, జబ్బులా కనిపించింది.

చేపల్ని, కొత్తచోట అంతా సిద్ధమయ్యేదాకా, వర్మగారు తన దగ్గరే చిన్న టబ్బులో ఉంచుకున్నారు. వాటికి తోడుగా ఒక రాయి కూడా అందులోనే ఉంచారు. మిగతాదంతా ట్రాలీ ఆటోలో ఎక్కించాం. దారిలో టీచరుగారు అడిగారు:

"ఆయన కడగొద్దన్నారు కదండీ?"

"ఆయన ఇంజన్ల మనిషినని ఆయనే అన్నారు. నీళ్ళు నా పనండీ."

"ఆయ్," అన్నారావిడ.

బడి వెనక డ్రమ్ముల్లో రాళ్ళూ ఇసకా బ్లీచింగు నీళ్ళలో నానబెట్టించాను. టీచరుగారే చీర కుచ్చిళ్ళు దోపుకుని బ్రష్షు పెట్టి రుద్దారు. మూడు రోజులు ఎండలో పెట్టాం. తీరా చూస్తే రాళ్ళు సున్నం వేసినట్టు తెల్లగా వచ్చాయి. పాతనీళ్ళు లేత పసుపు తిరిగి ఉన్నాయని పారబోయించాను. అంతర్వేది దగ్గర సముద్రంలో కొత్తనీళ్ళు పట్టించాను. ఉప్పు ముప్పై రెండు. పీహెచ్ ఎనిమిదీ పాయింటు ఒకటి. క్లోరిన్ మిగిలిందేమోనని మందు చుక్క వేసి చూస్తే పసుపు రంగు రాలేదు. అమ్మోనియా సున్నా. రాజోలు నుంచి చేపల్ని మాత్రం తెప్పించి వదిలాం.

హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి చూశారు. "మన మండలంలో చెరువులు చాల్లేదా టీచరుగారూ, బళ్ళో కూడా మొదలెట్టేరు?" అన్నారు. పిల్లలు నవ్వారు. టీచరుగారూ నవ్వారు. తొట్టి పెట్టిన ఆ మూలగదికి తాళం ఇప్పించుకోవడానికి ఆవిడ ఏడాది పైగా ఆయన చుట్టూ తిరిగారని నాకు తర్వాత తెలిసింది. తరగతికో చిటికెడు మేత వెయ్యనివ్వాలని పెట్టుకున్నారు. ఆ రోజు పిల్లల్లో ఒక్కరూ కిలో ఎంతని అడగలేదని నాతో ప్రత్యేకంగా చెప్పారు.

వారానికోసారి ఉప్పు చూసుకుంటే చాలన్నాను. అమ్మోనియా సంగతి చెప్పలేదు. చెరువులో రొయ్యపిల్ల వదిలిన మొదటి నెల మేం దాని జోలికే వెళ్ళం. ఎకరం చెరువులో నలభై లక్షల లీటర్ల నీళ్ళుంటాయి. ఈ తొట్టిలో రాళ్ళూ ఇసకా పోను రెండు వందల లీటర్లు. ఇరవై వేలవ వంతు. ఈ భాగహారం నోటితో చేసేదే. అప్పుడు చెయ్యలేదు, తర్వాత చేశాను.

ఎనిమిదో రోజున బడి నుంచి ఫోను వచ్చింది. "చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ. ఒకసారి వస్తారా?"

వెళ్ళేసరికి రెండూ నీటి పైపొరకి మూతులు ఆనించి ఉన్నాయి. టీచరుగారు అద్దానికి వేలు ఆనించారు. అవి రాలేదు. ఉప్పు సరిగానే ఉంది. పీహెచ్ సరిగానే ఉంది. అమ్మోనియా చుక్కలు వేస్తే పరీక్ష గొట్టంలో నీళ్ళు ముదురాకుపచ్చకి తిరిగాయి. మూడు. రెండోసారీ మూడే.

అప్పుడు తెలిసింది, వర్మగారి తొట్టిలో సున్నా ఎక్కడిదో. రోజూ పుట్టే అమ్మోనియాని రోజూ తినేసే బాక్టీరియా ఆ రాళ్ళ బొరియల్లో ఎనిమిదేళ్ళుగా కాపురముంది. ఇంత వచ్చింది, అంత పోయింది, మిగిలింది సున్నా. నేను బ్లీచింగు కొట్టించింది దానికే. పైగా బొరియల లోపల చచ్చినదంతా కుళ్ళి, ఆ నీళ్ళలోనే కలుస్తోంది.

నీళ్ళు మార్చాలి. అంతర్వేది వెళ్తే గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. సముద్రం ఒడ్డు దాకా మట్టిరంగే. ముంచి చూస్తే ఉప్పు ఆరు.

"వర్మగార్ని అడుగుదామాండీ? ఆయన దగ్గర ఇంకో రాయి ఉండాలి," అన్నారు టీచరుగారు.

ఆ మాట నాకు ఆవిడకంటే ముందే తట్టింది. రాజోలు పది కిలోమీటర్లు. ఆ రాయీ, ఆ టబ్బులో పాతనీళ్ళూ ఉన్నాయి. చేపల్ని తిరిగి ఆ టబ్బులోనే వేసినా సరిపోయేది. కానీ అక్కడికి వెళ్తే రాళ్ళు కడిగించానని చెప్పాలి.

"ఆయనకెందుకండీ శ్రమ, పెద్దాయన. నా దగ్గర మందుంది," అన్నాను.

అమలాపురం వెళ్ళి జియోలైట్ పొడి తెచ్చి తొట్టిలో చల్లాను. అమ్మోనియా పీల్చుకుంటుందని చెరువుల వాళ్ళకి అమ్మేది అది. ఉప్పునీళ్ళలో దాని పని బహు తక్కువ. ఆ సంగతి నాకు కొంత తెలుసు కూడా. అయినా ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉంటుంది కదా. నీళ్ళు కుడితిలా అయ్యాయి. మర్నాడు చిన్నది పోయింది. ఆ మర్నాడు పెద్దది.

హెడ్మాస్టరుగారు ఒక్కమాటే అన్నారు. "చెరువు పోయిందా, టీచరుగారూ?"

దాని మర్నాడు సామాను సర్దడానికి నేను బడికి వెళ్ళాను. పదకొండింటికి గేటు దగ్గర రిక్షా ఆగింది. వర్మగారు. ఎవరూ కబురు చెప్పలేదు. చేతుల్లో తడిగోనె మూట. వణుకుతున్న చేతుల్లోంచి నీళ్ళు చొక్కా మీద కారుతున్నాయి.

"ఇది కూడా ఉంచండమ్మా. వాటికి అలవాటైన రాయి," అంటూ గదిలోకి వచ్చారు. తొట్టి చూశారు. తెల్లటి రాళ్ళు చూశారు. చేపల్ని వెతకలేదు.

"కడిగేరా?" అన్నారు.

నా చేతిలో రిఫ్రాక్టోమీటరుంది. ఉప్పు చూసే గొట్టం అది. దాన్ని గుడ్డతో తుడుస్తున్నాను. నేను నోరు తెరిచేలోగా టీచరుగారు చెప్పేశారని అనను. తెరవడానికి వ్యవధి ఉంది. నేను తెరవలేదు.

"నేనే కడిగేనండీ, తెలీక. మీరు చెప్తూనే ఉన్నారు," అన్నారు టీచరుగారు.

వర్మగారు మూట బల్ల మీద పెట్టారు. "పోన్లెండమ్మా. నేనూ ఒకసారి కడిగేను," అన్నారు. కాసేపు కూర్చున్నారు. పెద్దది ఎప్పుడు పోయిందని అడిగారు. చెబితే తల ఊపారు. టీచరుగారు రిక్షా దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

ఆవిడ తిరిగొచ్చాక అడిగాను. "అలా చెప్పేరేంటండీ?"

"రుద్దింది నేనే కదండీ. పైగా మీ దగ్గరికి రేపు చెరువుల వాళ్ళు రావాలి. నాదేముంది, పిల్లలు రోజూ ఎలాగూ వస్తారు," అన్నారు. అందులో ఎగతాళి ఉందేమోనని ఎన్నోసార్లు తిప్పి చూసుకున్నాను. నాకు దొరకలేదు. ఉంటేనే బాగుండేదనిపిస్తుంది.

ఆ గది తాళం హెడ్మాస్టరుగారు తిరిగి తీసుకున్నారు. మరుసటేడు టీచరుగారికి బదిలీ అయింది. తొట్టి ఆత్రేయపురంలో పూతరేకులమ్మే వాళ్ళెవరో పట్టుకెళ్ళారు, ఈగలు వాలకుండా సరుకు పెట్టుకోవడానికి బాగుంటుందని. రెండేళ్ళకి వర్మగారు పోయారు. ఆ రెండేళ్ళలో రాజోలు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క చెప్పగలను. పదకొండుసార్లు. ఒక్కసారీ ఆ ఇంటి ముందు దిగలేదు. ఆ ఒక్క రాయితో చేపలు బతికేవో లేదో చెప్పలేను. చూసే అవకాశం ఉన్న రెండు రోజులూ నేను పొడి చల్లుతూ గడిపాను.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. మీటరు చూపించేది ఈవేళ ఎంతుందన్నది మాత్రమే. అంతే ఎందుకుందో తెలిసినవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళకి శాతాలు రాకపోవచ్చు. వాళ్ళ మాట ముందు రాసుకోవాలి, చుక్కలు తర్వాత వేసుకోవాలి. ఆ సంవత్సరం నుంచి నా రిజిస్టర్లో ఒక గడి పెంచాను, ముందు చూసినవాళ్ళు ఏమన్నారని. ఆ గడిలో మొదటి వరుస నా చేత్తోనే, వెనక్కి వెళ్ళి, నాలుగడుగుల తొట్టి పక్కన రాశాను. రాళ్ళు కడక్కండి, అని. చెప్పినవారి పేరు కూడా రాశాను.

కడిగించినవాడి పేరుకి గడి గీయలేదు.