చప్పట్లను నమ్మని గిన్నెల కాక

మా బజారులో గిన్నెల దుకాణం కాక మొన్న తెల్లవారుజామున పోయాడు. ఆ కబురు నాకు చెప్పింది పత్తి సేటు. కండువాతో కళ్ళొత్తుకుంటూ "మహానుభావుడు" అన్నాడు. కాక బతికున్నన్నాళ్ళూ ఇదే నోటితో "తిక్కలోడు" అనేవాడు. మర్యాద కోసం అవన్నీ మరిచిపోయే ఓపిక ఈ వయసులో నాకు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాక నాకు చుట్టం కాదు. వరంగల్లులో ఆయన దుకాణం పక్కనే నా కాగితాల దుకాణం. గిన్నె అమ్మే ముందు వేలి మెటికతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మోత నచ్చకపోతే "ఇది వద్దు బిడ్డా, ఇంకోటి తీస్కో" అనేవాడు. మనుషుల మాటలను కూడా అలాగే వినేవాడు, కళ్ళు మూసుకుని, మధ్యలో అడ్డం రాకుండా.

ఎమర్జెన్సీ పోయిన ఏడు సంగతి. స్వేచ్ఛ వచ్చిందని దేశమంతా పొంగిపోతోంది. మా వర్తక సంఘంలో మాత్రం పాత పద్ధతే. దసరా దాటాక రైసు మిల్లు వాకిట్లో చేరేవాళ్ళం. ఒక పెద్దమనిషి లేచి అధ్యక్షుడిగా పత్తి సేటు పేరు చెప్పేవాడు. చప్పట్లు, ఆ వెంటనే మిఠాయి. ఏకగ్రీవమని మురిసిపోయేవాళ్ళం. పోటీ అంటే ఇంటి గుట్టు వీధిలో పెట్టుకున్నంత సిగ్గు మాకు.

ఆ ఏడు బజారు సెలవు రోజున రవికె గుడ్డల దుకాణం ఆమె తలుపు తెరిచింది. భర్త పోయి ఒంటరిగా నెట్టుకొస్తున్న మనిషి, పైగా పెళ్ళిళ్ళ రోజులు. ఆమెకు ఎవరూ సరుకు ఇవ్వొద్దని సేటు నోటిమాటతో హుకుం వేశాడు. అదే రోజు సేటు బావమరిది వెనక తలుపు నుంచి అమ్ముకున్నాడు. అతన్ని అడిగినవాడు లేడు. సరుకు ఆగితే ఆమె దుకాణం ఎత్తేసుకోవాల్సిందే.

మిల్లు వాకిట్లో కాక లేచాడు.

"సేటూ, ఏ రూల్ కింద ఆమెకు సరుకు బందు పెట్టినవ్? జర సూపియ్యి."

"రూలేంది కాకా? పెద్దోల్ల మాటే రూలు. నన్ను అందరు కలిసి ఎన్నుకున్నరు."

"సప్పట్లల్ల ఏ చెయ్యి ఎవనిదో ఎవలు సూసిండ్రు? ఈసారి నేను పోటీ చేస్తాన్న. చీటీలు వెయ్యుండ్రి."

"ఓడిపోతవే, ఇజ్జత్ పోతది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"పోనీ తియ్. ఓడెటోడు లేకుంటే అది గెలుపెట్లయితది?"

ఓడిపోయాడు. అయితే తనకు వ్యతిరేకంగా అన్నేసి చీటీలు పడతాయని సేటు అనుకోలేదు. వారం తిరక్కుండానే ఆ హుకుం చప్పుడు లేకుండా వెనక్కి పోయింది. ఆమెకు సరుకు వచ్చింది.

స్వేచ్ఛ అంటే ఎవరి ఇష్టం వాళ్ళదని లావుపాటి పుస్తకాలు రాసినవాళ్ళను చాలామందినే చదివాను. రూల్ లేని చోట మిగిలేది సేటు ఇష్టం ఒక్కటే. ఆ పండితులు ఒక్కరోజు మా బజారులో దుకాణం పెట్టుకుని ఉంటే బాగుండేది.

కాక ఏటా నిలబడ్డాడు, ఏటా ఓడాడు, చివరికి గెలిచాడు. గెలవగానే రూల్స్ రాయించాడు. సెలవు అందరికీ ఒకటే. తప్పుకు శిక్ష కమిటీ ఓటుతోనే. "నీ అసువంటి మంచోడుండంగ ఇవన్ని ఎందుకు కాకా?" అని నేనే అడిగాను.

"మంచోనికే ముందుగాల కావాలె. చెడ్డోన్నయితే పదిమంది అడుగుతరు. మంచోన్ని ఎవ్వడడగడు."

అడిగే రోజు కూడా వచ్చింది. ఒక సెలవు నాడు నర్సంపేట నుంచి పెళ్ళివారొచ్చి బతిమాలితే కాక తాళం తీశాడు. చిన్న దుకాణాలవాళ్ళు ఓట్లేసి కమిటీకి పంపింది ఎవరినో కాదు, ఆ రవికె గుడ్డల ఆమెనే. శిక్ష వెయ్యాలని మొదట చెయ్యెత్తింది కూడా ఆమే.

"అన్నా, నువ్వంటే నాకు దేవుడే. గని రేపు నీ దుకాణం బందు."

కాక పడీ పడీ నవ్వాడు. "నిన్ను నాకు చెల్లెగ పంపలే వాల్లు, వాల్ల నోరుగ పంపిండ్రు. మంచిగ చేసినవ్." మర్నాడు నా దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని, తన కోసం వచ్చిన గిరాకీనంతా ఎదుటి గిన్నెల దుకాణానికి పంపించాడు. అంత ఉల్లాసంగా ఆయనను నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు సంఘానికి ఆమే అధ్యక్షురాలు. కాక పోయిన పొద్దున సేటు అందరి ముందూ గొంతు పెంచాడు. "బజారంత బందు! తెరిచినోని సంగతి సూస్తం."

ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. "ఎవలు సచ్చిపోయినా దుకాన్లు బలవంతంగ మూయించొద్దని రూల్ రాసిందే మా అన్న. దిల్ ఉన్నోల్లు మూసుకుంటరు. ఎవ్వల్నీ ఏమనొద్దు సేటూ."

అందరూ మూశారు, ఒక్క గాజుల దుకాణం తప్ప. లోపల పెళ్ళికూతురు కూర్చుని ఉంది. పాడె అటుగా వచ్చినప్పుడు సేటు ఏదో గొణిగాడు, ఎవరూ వినలేదు. గాజులాయన లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల కూడా లేచింది, సగం గాజులు తొడిగిన చేతిని ముందుకు చాపుకునే. డప్పులు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఆ చేతి మీద ఒక్క గాజు కూడా కదల్లేదు.